మా చెరువు గట్టున పాము… ఇది విషప్పామేనా?

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఇప్పుడు సాయంత్రం ఏడున్నర అవుతోంది. ఎండాకాలంలో మా డల్లాస్ వైపు ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. అందుకే కుక్కర్ దించేసి, అమ్మని, బాబుని తీసుకుని ఇంటి వెనకాల చెరువు దగ్గరికి నడకకి వచ్చాను.

రెండో చుట్టులో బాబు టక్కున ఆగిపోయి "అమ్మా, స్నేక్!" అన్నాడు. నీళ్ళ అంచున రాళ్ళ మీద నా మణికట్టంత లావు పాము. బురద రంగు ఒళ్ళు, వీపు పొడవునా గొలుసు అల్లినట్టు ముదురు చారలు. చూడగానే నాకు రక్తపింజర గుర్తొచ్చింది, కాళ్ళు వణికాయి. మా ఊళ్ళో కోతలప్పుడు అందరికీ దాని భయమే.

టెక్సాస్ నీళ్ళలో భయపడాల్సింది కాటన్‌మౌత్‌కి. వాటర్ మొకాసిన్ అని కూడా అంటారు. ఆ కాటన్‌మౌత్ కూడా మన రక్తపింజర కుటుంబానిదే. త్రికోణం తల ఉంటే విషప్పామే అనుకుంటాం కదా, ఆ లెక్క ఇక్కడ పనికిరాదండీ. విషం లేని నీటిపాములు కూడా బెదిరితే తలని అదిమి వెడల్పు చేసేస్తాయి.

నేను దూరంగానే నిలబడి ఫోన్‌లో జూమ్ చేశాను. ఇదిగో, ఈ ఫోటో చూడండి. పై పెదవి మీద నల్లటి నిలువు గీతలు, గోనెసంచి మూతికి కుట్లు వేసినట్టు. కాటన్‌మౌత్‌కైతే కంటి మీదుగా వెనక్కి వెడల్పాటి ముదురు పట్టీ ఉంటుంది. దాని కంటిపాప పిల్లి కన్నులా నిలువుగా ఉంటుంది కానీ మసక వెలుతురులో విచ్చుకుంటుంది, అందుకని కన్నొక్కటే చూసి నమ్మకండి.

అంతలో అటుగా వచ్చిన పెద్దాయన ఒకరు ఇంటికెళ్ళి పార తెస్తానన్నారు. ఫోటో చూపించి, చంపొద్దని బతిమాలాను. ఈలోపే అది మెల్లగా నీళ్ళలోకి జారింది. తల ఒక్కటే పైన, ఒళ్ళు నీటి కింద. కాటన్‌మౌత్ ఈదితే ఒళ్ళంతా బెండులా పైకి తేలుతుంది. అది చూశాక ఆయన కూడా సరేనన్నారు.

ఇది డైమండ్‌బ్యాక్ వాటర్ స్నేక్. విషం లేదు, చేపలు, కప్పలు తిని బతుకుతుంది. "అమ్మాయ్, అచ్చం మన నీరుకట్టులా ఉందే" అంది అమ్మ. నిజంగానే రెండూ చుట్టాలు. నీరుకట్టు గుడ్లు పెడుతుంది, ఇది పిల్లల్నే కంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఏ పాము కరిచినా అదేంటో తేల్చుకుంటూ కూర్చోకండి, వెంటనే 911కి, అంటే ఇక్కడి అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి. వాపు వస్తుంది కాబట్టి ఉంగరాలు, గాజులు తీసేయండి. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, ఐస్ పెట్టడం, ఇవేవీ చేయొద్దు.

అదిగో, అవతల జమ్ములో తల పైకెత్తింది, కనిపిస్తోందా? బాబూ, అక్కడే ఉండు నాన్నా, ముందుకెళ్ళకు.