పక్షవాతం తర్వాత నాన్నకు వందకు ఎన్ని?

నమస్కారం. పక్షవాతం వచ్చిన మనిషి ఇంటికి చేరాక చుట్టాలు అడుగుతారు, "ఇప్పుడెలా ఉన్నారు?" అని. "కాస్త నయం" అంటాం. ఫిజియోథెరపిస్టుకు ఆ జవాబు చాలదు. రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకుంటున్నారో ఆ థెరపిస్టుకు తెలియాలి. అందుకు చాలా దేశాల్లో వాడే కొలత బార్తెల్ సూచిక. దీన్ని రూపొందించిన ఫ్లోరెన్స్ మహోనీ, డొరోథియా బార్తెల్ 1965లో అమెరికాలోని మేరీలాండ్ వైద్య పత్రికలో ప్రచురించారు.

తినడం, స్నానం, బట్టలు, మలమూత్రాల అదుపు, మెట్లెక్కడం వంటి పది పనులు, మొత్తం 100 మార్కులు. స్నానానికి 5 మాత్రమే. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి 15, ఎందుకంటే అక్కడ తోడు మనిషికి పడే శ్రమ ఎక్కువ. చక్రాల కుర్చీలో మంచం దగ్గరకు రావాలి, బ్రేకు వేయాలి, పాదాల పలకలు ఎత్తాలి, మంచం మీదకు మారి పడుకోవాలి, లేచి కూర్చుని తిరిగి కుర్చీలోకి రావాలి. అంతా తానే చేస్తే 15. "నాన్నా, బ్రేకు వేశారా?" అని మీరు గుర్తు చేయాల్సివస్తే 10. చెయ్యి వేయకపోయినా సరే, పక్కన ఒకరు ఉండాల్సిందేనంటే అది పూర్తి స్వతంత్రం కాదు. చేతికర్ర వాడితే మాత్రం తప్పులేదు, మార్కులు తగ్గవు.

ఇక్కడ మన ఇళ్ల గురించి ఒక మాట చెప్పాలి. ఈ సూచిక అడిగేది ఆయన ఏం చేయగలరని కాదు, రోజూ ఏం చేస్తున్నారని. మనం చొక్కా తొడిగేస్తాం, అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెడతాం. ప్రేమతోనే చేస్తాం. కానీ ఎడమచేత్తోనైనా ఆయన తినగలిగితే, ఆ పూట అన్నం చల్లారినా, చొక్కా మీద పప్పు పడినా, తిననివ్వండి. వాడని చెయ్యి మరింత మొద్దుబారుతుంది. స్నానం చేయించాల్సివస్తోందని చెప్పడానికి ఆయన సిగ్గుపడవచ్చు, కాబట్టి ఆయన్ను చూసుకునే వారినీ వివరాలు అడగాలి.

దీనికి హద్దులున్నాయి. నేల మీద బాసిపట్టు వేసి కూర్చుని లేవడం ఇందులో లేదు. మన పెద్దలకు భోజనం, పూజ అక్కడే కదా! నూటికి నూరు వచ్చినా ఒంటరిగా బతకగలరని కాదని రూపొందించినవాళ్లే రాశారు. వంట, ఇంటిపని ఇందులోకి రావు.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు మొత్తం అంకె ఒక్కటే తీసుకోకండి. "60" అన్న అంకె ఇద్దరికి వచ్చినా, ఒకరికి మూత్రం అదుపు లేకపోవచ్చు, ఇంకొకరికి మెట్లే కష్టం కావచ్చు. ఇంట్లో చేయాల్సిన ఏర్పాట్లు రెండూ వేరు. పది పనుల మార్కులూ విడివిడిగా, తేదీతో రాసి ఇమ్మనండి. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.