తమ్ముడి, తమ్ముళ్లు, తమ్ముళ్ల

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి, గాజువాక నుంచీ భీమిలి నుంచీ బస్సులు మారి వచ్చిన టీచర్లకు నా కృతజ్ఞతలు. ఇంగ్లీషు మాటల్లో ఎస్ పక్కన పైన పెట్టే కామా, అంటే అపాస్ట్రఫీ, పిల్లలకి ఎలా నేర్పాలో ఇవాళ మాట్లాడుకుందాం.

ఎనిమిదో తరగతి అమ్మాయి నోటుబుక్కు గురించి చెప్తాను. వాళ్ల నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పనికి వెళ్తాడు. ‘మా ఊరు’ మీద ఇంగ్లీషులో పది వాక్యాలు రాయమంటే చక్కగా రాసింది. కానీ మాట చివర ఎస్ వచ్చిన చోటల్లా దాని ముందు పైన కామా పెట్టేసింది. బోట్స్‌కి కామా, నెట్స్‌కి కామా. ఎందుకమ్మా అంటే, ‘‘అన్నిచోట్లా పెడితే కొన్నయినా కరెక్టవుతాయి కదా టీచర్’’ అంది.

ఆ పిల్లకి రూలు వచ్చు. అపాస్ట్రఫీ ఎస్ అంటే ‘యొక్క’ అని నేనే నేర్పాను. అడిగితే గడగడా అప్పజెప్పేది. అయితే మనింట్లో ఎవరైనా ‘అమ్మ యొక్క చీర’ అంటారా? అమ్మ చీర అంటాం. ‘యొక్క’ షష్ఠీ విభక్తి ప్రత్యయమే, కాదనను. కానీ పిల్లల నోట్లో లేని మాటతో పాఠం మొదలుపెట్టడం నా పొరపాటు.

మర్నాడు బోర్డు మీద నాలుగు మాటలు రాశాను. తమ్ముడు, తమ్ముడి, తమ్ముళ్లు, తమ్ముళ్ల. వీటిని ఏ పిల్లా పొరపాటున కూడా కలిపెయ్యదు. తమ్ముడి సైకిల్ అంటే తమ్ముడు ఒక్కడే. తమ్ముళ్ల సైకిల్ అంటే ఇద్దరో ముగ్గురో. అవే ఇంగ్లీషులో పలకండి. బ్రదర్, బ్రదర్స్, బ్రదర్స్, బ్రదర్స్. చివరి మూడూ చెవికి ఒకటే, తేడా కంటికి మాత్రమే. తెలుగు లిపిలో రాసినా ఒకేలా ఉన్నాయి, చూడండి!

ఇంగ్లీషువాళ్లకీ ఇది ఒక్కరోజులో కుదరలేదు. పాత ఇంగ్లీషులో సొంతం చెప్పే ‘ఎస్’ ముందు ఒక అచ్చు ఉండేది, అది క్రమంగా నోట్లో జారిపోయింది. అక్షరం పోయిన చోట పెట్టే గుర్తుగా ఈ కామా 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. బహువచనంలో సొంతం చెప్పడానికి ఎస్ తర్వాత పెట్టడం స్థిరపడేసరికి 18వ శతాబ్దం చివరికొచ్చింది. అంతకాలం పట్టిన సంగతిని మనం ఒక్క పీరియడ్‌లో రుద్దేసి, రాలేదని పిల్లల్ని కసురుకుంటున్నాం.

అందుకే ముందు తెలుగులో పైకి అనిపించండి. చివర ‘లు’ వినపడితే కామా వద్దు. ‘ల’ వినపడి, వెంటనే ఆ సొంతమైన వస్తువు వస్తే, ఎస్ తర్వాత కామా. ‘వెంటనే’ అన్న మాట వదలకండి. ‘‘మరి పడవలను చూశాను అంటే అందులోనూ ల ఉంది కదా’’ అని ఒక అబ్బాయి నన్ను పట్టుకున్నాడు. బంగారం లాంటి ప్రశ్న. పడవలను, పడవలకు అన్నప్పుడు ‘ల’ తర్వాత ఇంకో ప్రత్యయం వచ్చింది, వస్తువు రాలేదు. పడవల తాళ్లు అంటే వచ్చింది.

ఏకవచనంలో కొంచెం జాగ్రత్త కావాలి. ఊరు ఊరి అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది. అమ్మ, పడవ మాత్రం మారవు. అక్కడ ‘ఎవరిది, దేనిది’ అని అడిగించండి. జవాబు దొరికితే ఎస్ ముందు కామా. చిల్డ్రన్ లాంటి మాటల్లో బహువచనానికే ఎస్ లేదు కాబట్టి, పిల్లల బొమ్మలు అన్నా కామా ఎస్‌కి ముందే పడుతుంది. పాలు, నీళ్లు మనకి బహువచనం, ఇంగ్లీషులో కాదు. అది వేరే రోజు చెప్పండి, కలిపితే గందరగోళం.

జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ దాకా నడిచి బోర్డులు చూడండి. టిఫిన్స్‌కి, మీల్స్‌కి కామా పెట్టినవి కనిపిస్తే ఫోన్లో ఫొటో తీసి క్లాసుకి తీసుకెళ్లండి. పిల్లలు రోజూ దారిలో చదివే ఇంగ్లీషు అదే. రాసినవాళ్లని నవ్వడానికి మాత్రం వాడకండి. ఆ బోర్డు రాసింది క్లాసులో ఎవరో ఒకరి నాన్న కావచ్చు.

మీ ముందున్న కాగితం మీద ఆ అమ్మాయి పది వాక్యాలూ ఉన్నాయి, పేరు తీసేశాను. ఒక్కొక్కటి తెలుగులో పైకి అని, తర్వాతే పెన్ను పెడదాం. మొదటిది వెనక వరసలో మేడమ్‌గారు చదువుతారా?