పిల్లలకి తెలుగు రాయడం రావాలంటే ముందు మాట్లాడనియ్యండి

నమస్తే అందరికీ! ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకి ఇంట్లో తెలుగు రాయడం ఎట్లా నేర్పాలో ఇవ్వాళ చూద్దాం. 2018 చట్టం వచ్చినాక తెలంగాణల సీబీఎస్‌ఈ అయినా ఐసీఎస్‌ఈ అయినా స్కూల్ల తెలుగు ఉండాల్సిందే, అందుకే హైదరాబాద్‌ల ఇంగ్లీష్ మీడియం ఇళ్లల్ల కూడా సాయంత్రం అయితే తెలుగు హోంవర్క్ టెన్షన్ మొదలైతది.

మనం ఎక్కువ చేయించేది కాపీరైటింగ్. పుస్తకంల పేరా చూసి గుండ్రంగా దించుతరు, చేయి తిరుగుతది, మంచిదే. కానీ "నిన్న ఏం చేసినవో మూడు లైన్లు రాయి" అంటే అదే పిల్ల పెన్సిల్ కొరుక్కుంట కూసుంటది. ఎందుకంటే ఏం చెప్పాలె, దానికి ఏ అక్షరం రావాలె, ఆ అక్షరం ఎట్లా గీయాలె, ఈ మూడూ ఒకేసారి మీద పడ్తయి, గీయడం ఇంకా అలవాటు కాలేదు కాబట్టి ధ్యాసంతా అక్కడికే పోయి చెప్దామనుకున్నది మర్చిపోతరు. అందుకే చెప్పేదేందో ముందే నోటితో తేల్చేయాలె.

[స్క్రీన్ మీద: పెన్సిల్ పట్టుకున్న చేయి]

పెన్సిల్ సంగతి తొందరగా చెప్పేస్తా. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నడిమి వేలు మీద ఆనియ్యాలె. మంచం మీద బోర్ల పండుకుని రాయొద్దు, కాళ్లు నేలకో స్టూల్‌కో ఆనాలె. చపాతీ పిండి పిసకనియ్యండి, వేళ్లకి బలం వస్తది.

అక్షరాలు అ నుంచి ఱ దాకా వరుసలోనే రావాలని ఏం లేదు. వ, ప, మ, య లాంటివి పోలిక ఉన్నవి, కలిపి నేర్పితే చేయి తొందరగా పడ్తది. ద, ధ, థ మాత్రం ఒకేరోజు పెట్టొద్దు, కలిసిపోతయి. గుణింతం పాటలెక్క క కా కి కీ అని చెప్పేస్తరు గానీ, కూ ఒక్కటి రాయమంటే మళ్లీ క నుంచి లెక్కబెట్టుకుంట వస్తరు, అందుకే మధ్యల మధ్యల అడగాలె. ఒత్తులకి జతలు బాగా పనిచేస్తయి.

[స్క్రీన్ మీద: గద – గద్ద, గుడి – గుడ్డి]

గట్టిగా పలికించండి, తేడా చెవికి తెలిసినాకనే రాయించండి.

ఇప్పుడు అసలు ముచ్చట. పాప జూ పార్క్ పోయొచ్చింది అనుకోండి. నోట్‌బుక్ తీయకముందే అడగండి.

"ఎవరెవరు పోయిన్రు?"
"నేను, అన్న, డాడీ."
"ఏం చూసినవ్ బిడ్డా?"
"తెల్ల పులి! పండుకుంది, డాడీ పిలిచినా లేవలే."

అంతే, అదే వ్యాసం. ఒక్కో వాక్యం నోటితో చెప్పించి, ఎన్ని మాటలున్నయో వేళ్ల మీద లెక్కబెట్టించి అప్పుడు రాయించండి, మాట మధ్యల జాగా వదలడం కూడా దాంతోనే వస్తది. "నేను, అన్న, డాడీ జూ పార్క్ పోయినం. తెల్ల పులి పండుకుంది. డాడీ పిలిచినా లేవలే." ఆ మూడో వాక్యం ఏ గైడ్ల దొరకదు, ఆ పిల్ల ఒక్కతే రాయగలదు, నాకైతే అదే బంగారం.

"పోయినం" అని రాస్తే దయచేసి ఎర్ర పెన్ను తీయకండి. అది తప్పు కాదు, వాళ్ల ఇంటి మాట. రెండో తరగతిల దాన్ని కొట్టేస్తే పిల్ల భయపడి రెండు ముక్కలు రాసి ఊకుంటది. నాలుగో తరగతికొచ్చినాక పక్కనే "వెళ్ళాము" చూపించండి, పుస్తకంల ఇట్లా రాస్తరని చెప్పండి, రెండూ ఉంచుకుంటరు. ఇంట్లో ఉర్దూనో మార్వాడీనో మాట్లాడేవాళ్లుంటే ముందు ఆ భాషలనే మొత్తం చెప్పనియ్యండి, తర్వాత తెలుగు మాటలు అందియ్యండి.

తప్పులు దిద్దేటప్పుడు ఒక రోజుకి ఒక్కటే పట్టుకోండి. ఇవ్వాళ దీర్ఘాలంటే దీర్ఘాలే, ఒత్తులు రేపు. రాసింది వాళ్లనే గట్టిగా చదవమనండి, సగం తప్పులు వాళ్లకే దొరుకుతయి. 2021ల మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి అయ్యేలోపు చదవడం, రాయడం, లెక్కల పునాది పడాలనే చెప్తది, కాబట్టి ఇప్పుడే టైం. నాలుగు, ఐదు వాళ్లకి "ఎందుకు?" అని ఒక ప్రశ్న కలపండి, "కాబట్టి", "కానీ" అవే వస్తయి.

ఇంకోటి, రాసింది ఎవరన్నా చదవాలె. కిరాణా లిస్టు వాళ్లతోని రాయించండి, ఊళ్లె ఉన్న నానమ్మకి చిట్టి రాయించి ఫోటో తీసి వాట్సాప్ చేయండి, నానమ్మ జవాబు పంపితే మళ్లీ రాయమని మీరు చెప్పే పనుండదు.

మీ పిల్లలు ఏ ఒత్తు దగ్గర ఆగుతున్నరో కింద రాయండి, నెక్స్ట్ వీడియో మొత్తం ఒత్తుల మీదనే చేద్దాం.