నరగాన్సెట్ పేసర్: వీపు కదలని గుర్రం

శ్రోతలకు నమస్కారం. మీ ముందు బల్ల ఉంటే, రెండు చేతుల చూపుడువేళ్ళూ నడిమివేళ్ళూ దాని మీద ఆనించండి. బల్ల లేకపోతే మీ మోకాలైనా చాలు. ఎడమ చేతి వేళ్ళు గుర్రానికి ఎడమ కాళ్ళు, కుడి చేతివి కుడి కాళ్ళు. నడిమివేలు ముందు కాలు, చూపుడువేలు వెనక కాలు అనుకోండి.

ఇప్పుడు ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు ఒక్కసారే కొట్టండి. తర్వాత కుడి ముందు, ఎడమ వెనక. టక్... టక్... జట్కా గుర్రం పరిగెత్తేది ఇలాగే. అడుగడుక్కీ దాని వీపు లేచి పడుతుంది. వెనక జట్కాలో కూర్చున్నవాళ్ళ సంగతి సరే, జీను మీద రోజంతా కూర్చున్నవాడికి మాత్రం ఒళ్ళు హూనమే.

ఈసారి ఒక్కో వేలూ విడిగా కొట్టండి. ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. టకటక, టకటక. నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లోకి లేవవు కాబట్టి వీపు ఎగరదు. మన పాతవాళ్ళు గుర్రం నడకల్ని తక్కువగా చూడలేదు. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అమరకోశం అయిదు పేర్లు చెబుతుంది. ఈ టకటక నడకతో పేరు తెచ్చుకుని, ఆ తర్వాత భూమ్మీద లేకుండా పోయిన ఒక గుర్రం కథ ఇవాళ చెబుతాను. దాని పేరు నరగాన్సెట్ పేసర్.

అమెరికాలో రోడ్ ఐలండ్ అని ఒక బుల్లి రాష్ట్రం ఉంది. అక్కడి సముద్రపు పాయ పేరు నరగాన్సెట్. అది ఆ నేల అసలు యజమానులైన ఆదివాసుల పేరు. 1675లో జరిగిన యుద్ధంలో వాళ్ళు చితికిపోయారు. ఆ పచ్చిక భూముల్లో ఇంగ్లీషు వలసదారులు పెద్ద పెద్ద కమతాలు ఏర్పరచుకుని, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత పని చేయించుకుంటూ జున్ను తీశారు, గొర్రెల్ని, గుర్రాల్ని పెంచారు. అమెరికాలో పుట్టిన మొట్టమొదటి గుర్రపు జాతి ఇదేనంటారు. 18వ శతాబ్దంలో దాని వైభవమే వైభవం.

మూలపురుషుడి గురించి బోలెడు కథలు. స్పెయిన్ నుంచి తెప్పించిన మగ గుర్రమని ఒకరు, నడిసముద్రంలో ఈదుతుంటే ఓడవాళ్ళు పైకి లాగారని మరొకరు. నాకు రెండో కథే ఇష్టం, నమ్మకం మాత్రం లేదు. ఇంగ్లండు, ఐర్లండు, స్కాట్లండుల నుంచి వచ్చిన పొట్టి సవారీ గుర్రాల రక్తమే ఇందులో ఉందనడం సబబుగా తోస్తుంది.

చూడ్డానికి అందగత్తె కాదు. ఎత్తు ఇంచుమించు 14 పిడికిళ్ళు, అంటే నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. ఎక్కువగా ఎరుపు కలిసిన గోధుమ రంగు. కానీ పరుగెత్తేటప్పుడు దాని వెన్ను గాలిలో తిన్నగా గీత గీసినట్టు సాగేదని, అటూ ఇటూ ఊగేది కాదని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు. మెక్‌స్పారన్ అనే క్రైస్తవ మతాచార్యుడు అక్కడ చాలా ఏళ్ళు ఉన్నాడు. ఈ గుర్రాలు మైలు దూరాన్ని రెండు నిమిషాలకు కాస్త ఎక్కువలో, మూడు నిమిషాలకు బాగా తక్కువలో దాటడం చూశానని 1753లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. ఆనాటి గడియారాల్ని ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించండి. సముద్రపు ఒడ్డున ఇసుకలో పందేలు పెట్టేవారు, గెలిచినవాడికి వెండి చెంబులాంటి పాత్ర.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన 1775 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం వస్తోందని రాత్రికి రాత్రి హెచ్చరిస్తూ పోయిన పాల్ రివీర్ ఎక్కింది ఈ జాతి గుర్రమేనని కొందరు గట్టిగా వాదిస్తారు. రుజువు లేదు. అది అరువు గుర్రమన్నది, దాన్ని దారిలో బ్రిటిష్‌వాళ్ళు లాక్కున్నారన్నది మాత్రం నిజం.

మరి ఇంత మంచి గుర్రం ఏమైపోయింది? జబ్బు చేసి పోలేదు, కరువొచ్చి పోలేదు. అమ్ముడుపోయింది. వెస్టిండీస్ దీవుల్లో చెరకు తోటల దొరలకు ఎండలో పొలాలన్నీ చుట్టి రావడానికి వీపు నొప్పి పెట్టని గుర్రం కావాలి. ఎంతైనా ఇస్తామన్నారు. రోడ్ ఐలండ్ ఓడలు డెక్కు మీద గుర్రాల్ని కట్టేసుకుని వెళ్ళేవి, తిరిగొచ్చేటప్పుడు బెల్లపు మడ్డి తెచ్చేవి. ఆ మడ్డితో రమ్ము కాచేవారు, ఆ రమ్ముతో ఆఫ్రికాలో మనుషుల్ని కొనేవారు. ఈ గుర్రం డెక్కల చప్పుడు వెనక ఆ వ్యాపారం కూడా ఉంది. మంచి గుర్రాలకే మంచి ధర. విత్తనాల గింజలు కూడా సంతకు తోలేసిన రైతులా, చివరికి వాళ్ళ దగ్గర జాతిని నిలబెట్టుకునేందుకు సరిపడా గుర్రాలు మిగల్లేదు. ఏ గుర్రం ఎవరి పిల్ల అని రాసిపెట్టుకున్న వంశావళి పుస్తకమూ లేదు.

ఈలోగా రోడ్లు బాగుపడ్డాయి, బగ్గీలు వచ్చాయి. స్ప్రింగుల బండిలో కూర్చున్నవాడికి గుర్రం వీపు ఎగిరితే ఏంటి, ఎగరకపోతే ఏంటి? బండి లాగే పొడుగాటి గుర్రాలకు గిరాకీ పెరిగింది. మిగిలిన పేసర్లను వేరే జాతులతో కలిపేశారు. ఆఖరిది 1880 ప్రాంతంలో చనిపోయిందని చెబుతారు.

రక్తం మాత్రం ఇంకిపోలేదు. అమెరికన్ శాడిల్‌బ్రెడ్, టెన్నెసీ వాకింగ్ హార్స్, బండి పందేల్లో పరుగెత్తే స్టాండర్డ్‌బ్రెడ్ వంశాల్లో ఈ గుర్రం ఉంది. 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం గుర్రాల్లో డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో చిన్న మార్పును పట్టుకుంది. వెన్నుపాములో కాళ్ళను నడిపించే నాడీకణాల తీరును అది మారుస్తుంది. జట్కా గుర్రంలా కాకుండా వేరే పద్ధతిలో అడుగులు వేసే జాతులు చాలావాటిలో ఈ మార్పు కనిపించింది. ఐస్‌లాండ్ గుర్రాల్లోనూ ఉంది. అక్కడ పందెం ఏమిటో తెలుసా? చేతిలో నిండుగా బీరు ఉన్న గ్లాసు పట్టుకుని, ఒలక్కుండా గుర్రాన్ని ఈ టకటక నడకలో పరుగెత్తించాలి. ఇప్పుడు మరోసారి వేళ్ళతో బల్ల మీద కొట్టి చూడండి, ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. పక్కన కాఫీ కప్పుంటే కాస్త జాగ్రత్త.