ఫ్రీగా వచ్చిన కామెంట్ల ఎనాలిసిస్ టూల్: నాకు నచ్చింది ఒకే ఒక్క బటన్

నమస్తే అండి. ముందే చెప్పేస్తాను, ఈ సాఫ్ట్‌వేర్ నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్ళే ఏడాది లైసెన్స్ ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. అయినా లోగో బ్లర్ చేశాను. ఎందుకంటే ఇప్పుడు నేను తిట్టబోయే తిట్లు ఈ తరహా టూల్స్ చాలావాటికి వర్తిస్తాయి, ఒక్కళ్ళ మీదే వేస్తే బాగుండదు. ఫ్రీగా ఇచ్చి మరీ బ్లర్ చేయించుకున్న కంపెనీ ఇదొక్కటేనేమో!

ఫీచర్ల లిస్టు నేను చదవను. సోషల్ మీడియా కామెంట్లు లోపలికి వస్తాయి, గ్రాఫులు బయటికి వస్తాయి, మిగతావి మీరు ఎక్కడో చూసే ఉంటారు. ఇంటర్నెట్‌లో మనుషులు ఎలా మాట్లాడుకుంటున్నారో చదివే రీసెర్చర్‌కి ఇది పనికొస్తుందా లేదా అన్నదే నా గొడవ.

డాష్‌బోర్డ్ తెరవగానే ఒక పెద్ద గుండ్రటి బొమ్మ వస్తుంది. కామెంట్లలో పాజిటివ్ ఇంత శాతం, నెగెటివ్ ఇంత, న్యూట్రల్ ఇంత అని చెప్పే సెంటిమెంట్ స్కోర్ అది. చూడ్డానికి ఎంత బాగుందంటే, తీసి నేరుగా పేపర్‌లో పెట్టేయాలనిపిస్తుంది. దయచేసి పెట్టకండి.

ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ క్షమాపణ చెప్పిన వీడియో కింది కామెంట్లు ఇందులో వేశాను. "అబ్బబ్బ, ఏం నటన అన్నా! ఆస్కార్ ఇవ్వాల్సిందే" అని ఒకరు రాశారు. టూల్ దాన్ని పాజిటివ్‌లో వేసింది. "నవ్వలేక చచ్చాను" అని ఇంకొకరు రాస్తే, చావు మాట ఉంది కదా, అది నెగెటివ్. పుర్రె ఎమోజీలు పెట్టినవాళ్ళంతా నెగెటివ్. పడీ పడీ నవ్వామని చెప్పడానికి పిల్లలు పుర్రె పెడతారని తెలియని సాఫ్ట్‌వేర్, డిజిటల్ కల్చర్ గురించి మనకు శాతాలు చెబుతోంది. వెటకారం పట్టుకోవడం మెషీన్‌కి కష్టమే, ఒప్పుకుంటాను. కష్టమని తెలిసినప్పుడు ఆ బొమ్మని మొదటి పేజీలో అంత ధీమాగా ఎందుకు పెట్టాలి? తీసేద్దామని సెట్టింగ్స్ అంతా వెతికాను. తీసే ఆప్షన్ లేదు!

ఇక వర్డ్ క్లౌడ్, అంటే ఎక్కువసార్లు వచ్చిన మాటల్ని పెద్దగా చూపించే బొమ్మ. తెలుగు కామెంట్లు వేస్తే మాటలు రావాలి కదా, అక్షరాలు వచ్చాయి. త, ల, గ, క. స్క్రీన్ నిండా ఇవే. లోపల ఏం జరుగుతోందో ఊహించగలను. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్ (టెక్స్ట్‌లో మాటల్ని వెతికి విడగొట్టే కోడ్), అక్షరాలను గుర్తుపట్టే చోట మన గుణింతం గుర్తుల్ని అక్షరాల కింద లెక్కపెట్టదు. "తెలుగు" అన్న మాట ఇస్తే, ఎత్వం దగ్గర ఒకసారి, కొమ్ముల దగ్గర మళ్ళీ తెగి, మూడు ముక్కలైపోతుంది. గుణింతాలున్న చాలా లిపులకి ఇదే గతి. ఇది తెలిసిన సమస్యే, సరిచేయడం పెద్ద పనీ కాదు. "బహుభాషా సపోర్ట్" అని అట్ట మీద రాసేముందు ఎవరైనా ఒక్క తెలుగు వాక్యం టైప్ చేసి చూడొద్దా?

దీనికంటే నాకు ఒళ్ళు మండింది ఇంకొకటుంది. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఆ కామెంట్లన్నీ "భాష తెలియదు" అనే డబ్బాలోకి వెళ్ళిపోతాయి. వెళ్ళినట్టు ఎక్కడా చెప్పదు. పైనున్న శాతాలు వాళ్ళని వదిలేసి వేసిన లెక్క. అసలు కామెంట్ పెట్టేవాళ్ళే చూసేవాళ్ళలో కొద్దిమంది. ఆన్‌లైన్ సమూహాల్లో నూటికి 90 మంది ఊరికే చూస్తారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఒక్కరే అని వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పాడు. అది ప్రతిచోటా అచ్చంగా కుదరకపోవచ్చు, కానీ దిశ అదే. ఆ రాసే కొద్దిమందిలోంచి కూడా చెప్పకుండా కొందరిని తీసేస్తే, మిగిలిన శాతం ఎవరిదండీ?

సరే, ఇప్పుడు ఆ బటన్.

ఏ కామెంట్ మీద క్లిక్ చేసినా పక్కన "థ్రెడ్‌లో చూడు" అని చిన్నగా ఉంటుంది. నొక్కితే ఆ కామెంట్ తన చోట తను కనిపిస్తుంది. పైన ఎవరికి జవాబుగా రాశారు, కింద ఎవరు అందుకున్నారు, మధ్యలో ఎంత టైమ్ గడిచింది, అన్నీ ఉంటాయి. పక్కనే మన నోట్ రాసుకోవచ్చు, ఆ నోట్ ఆ కామెంట్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. నేనైతే దీని మీదే గంటలు గంటలు కూర్చున్నాను. "మళ్ళీ మొదలెట్టాడు" అనే కామెంట్ చూడండి. విడిగా చూస్తే విసుగు. థ్రెడ్‌లో చూస్తే, ఆ ఛానల్‌కి రోజూ వచ్చేవాళ్ళ ముద్దు మాట అది. కొత్తవాళ్ళు అది చూసి కోప్పడితే పాతవాళ్ళు సర్దిచెబుతున్నారు. ఎవరు లోపలివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అన్నది అక్కడ తేలుతోంది. ఆన్‌లైన్ సమూహాల మాటల్ని వాళ్ళ సందర్భంలోనే గమనించే పద్ధతికి రాబర్ట్ కోజినెట్స్ అనే రీసెర్చర్ 1990ల్లో నెట్‌నోగ్రఫీ అని పేరుపెట్టాడు, దానికి కావాల్సింది ఇదే. ఆ గుండ్రటి బొమ్మ తయారుచేసినవాళ్ళూ ఈ బటన్ తయారుచేసినవాళ్ళూ ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారంటే నమ్మబుద్ధి కావడం లేదు.

డేటా సంగతి గబగబా చెప్పేస్తాను. ప్లాట్‌ఫామ్‌ల లిస్టులో చాలావరకు బూడిదరంగులో ఉన్నాయి, నొక్కితే పనిచేయవు. ఇందులో కంపెనీ తప్పు పెద్దగా లేదు. బెర్న్‌హార్డ్ రీడర్ అనే రీసెర్చర్ తయారుచేసిన నెట్‌విజ్ అనే టూల్‌తో ఫేస్‌బుక్ పేజీల డేటా తీసిన రోజులు గుర్తున్నాయా? 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ (ఆ కంపెనీ చేతికి కోట్లమంది ఫేస్‌బుక్ డేటా వెళ్ళిందని బయటపడడం) తర్వాత ఫేస్‌బుక్ తలుపులు బిగించింది. ట్విట్టర్ 2021 జనవరిలో రీసెర్చర్లకు తన డేటాలోకి ఫ్రీగా పెద్ద దారి తెరిచింది, 2023లో మూసేసింది. అదే ఏడాది రెడ్డిట్ డేటా ఇచ్చే పుష్‌షిఫ్ట్‌కీ కళ్ళెం పడింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఏ పోస్టులు ఎంత పాకుతున్నాయో చూపించే క్రౌడ్‌టాంగిల్‌ని మెటా 2024 ఆగస్టు 14న ఆపేసింది. క్రౌడ్‌టాంగిల్ పోయిందని నాకు ఇంకా బాధే. అందులో లోపాలు లేక కాదు, జర్నలిస్టులు కూడా వాడేంత సులువుగా ఉండేది.

అందుకే నేను ఇప్పటికీ ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ళ 4క్యాట్ (సోషల్ మీడియా డేటా తీసి విశ్లేషించే టూల్), దానికి తోడుగా జేస్ఖౌమర్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నాను. రెండూ ఫ్రీ. మనం స్క్రోల్ చేస్తుంటే బ్రౌజర్‌లోకి వచ్చిన పోస్టుల్ని ఎక్స్‌టెన్షన్ పట్టుకుంటుంది. ఏ సెట్టింగ్స్‌తో ఏ డేటా తీశామో 4క్యాట్ రాసిపెట్టుకుంటుంది. వేలు నొప్పి పుడుతుంది, పైగా మన ఎకౌంట్‌కి ఆ ప్లాట్‌ఫామ్ ఏది చూపిస్తే అదే దొరుకుతుంది. కానీ ఏది దొరకలేదో మనకు తెలుస్తుంది, నాకు అది చాలు.

ప్రైవసీ గురించి ఒక్క మాట. "పేర్లు దాచు" అని టిక్ పెట్టే గడి ఉంది. పెడితే పేర్ల స్థానంలో నంబర్లు వస్తాయి, బాగానే ఉంది. కానీ రిపోర్ట్‌లో కామెంట్ మాత్రం అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. ఆ వాక్యం కాపీ చేసి సెర్చ్‌లో వేస్తే రాసిన మనిషి దొరికే అవకాశం ఉంది. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ దాదాపు 6,50,000 మంది సెర్చ్‌లను పేర్లు తీసేసి నంబర్లతో బయటపెట్టింది. కొద్దిరోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబర్ వెనకున్న మనిషెవరో కనిపెట్టేశారు. కాబట్టి మీ పేపర్‌లో కామెంట్లు ఉన్నదున్నట్టు పెట్టకండి, అర్థం చెడకుండా మాటలు మార్చి రాయండి. టూల్‌లోనే దానికి ఒక కాలమ్ ఇవ్వమని కంపెనీకి మెయిల్ పెట్టాను. "ప్రొడక్ట్ టీమ్‌కి చేరవేస్తాం" అని జవాబొచ్చింది. ఆ మాటకి సెంటిమెంట్ స్కోర్ ఎంతో వాళ్ళే చెప్పాలి.

మరి కొనొచ్చా? మార్కెటింగ్ వాళ్ళయితే కొనేస్తారు, వాళ్ళకి ఆ గుండ్రటి బొమ్మే కావాలి. థీసిస్ రాస్తున్నవాళ్ళు సొంత డబ్బు పెట్టొద్దు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఇప్పటికే ఉంటే మాత్రం డాష్‌బోర్డ్ వైపు చూడకుండా థ్రెడ్ వ్యూ వాడుకోండి, నిజంగా పనికొస్తుంది. నా లైసెన్స్ అయిపోయాక రెన్యూ చేయను. ఆ బటన్ ఒక్కటీ విడిగా అమ్మితే ఇవాళే కొంటాను.

4క్యాట్ ఇన్‌స్టాల్ చేసే వీడియో లింక్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. దాన్ని నడపడానికి వాడే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగిపోయినవాళ్ళు ఎర్రర్ మెసేజ్ మొత్తం కామెంట్‌లో పెట్టండి. సగం కోసిన స్క్రీన్‌షాట్ పంపితే నేనేమీ చెప్పలేనండి.