నీళ్ల పేరు పెట్టుకున్న ఇనుప జంతువు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్ టాంక్‌బండ్ పేరు విననివాళ్లు మనలో తక్కువ. హుస్సేన్‌సాగర్ చెరువుకట్ట అది. పాకిస్తాన్ సైన్యం నుంచి మనవాళ్లు పట్టుకున్న ఒక పాటన్ ట్యాంకును అక్కడ జనం చూడ్డానికి పెట్టారు. చిన్నప్పుడు మా మావయ్య నన్ను తీసుకెళ్లి చూపిస్తే, ఆ ట్యాంకు ఉంది కాబట్టే దాన్ని టాంక్‌బండ్ అంటున్నారని నాకు నేనే తేల్చుకున్నాను. పైకి అన్నాను కూడా. మావయ్య పల్లీలు నములుతూనే, "ఒరేయ్, ఈ కట్ట కుతుబ్‌షాహీల నాటిది. నీ ఇనుప ట్యాంకు నిన్నగాక మొన్న వచ్చింది" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అసలు కథ నేననుకున్నదానికి సరిగ్గా తలకిందులని. ట్యాంకు అంటే ముందు నుంచీ చెరువే, నీళ్ల తొట్టే. గుజరాతీ, మరాఠీల్లో నీళ్లు నిలవచేసే చోటుకు ఉన్న మాటే ఇంగ్లీషువాళ్ల నోట ట్యాంకు అయిందని చెబుతారు. యుద్ధయంత్రం దగ్గరికి ఆ పేరు అప్పుగా వెళ్లింది. అదీ ఒక అబద్ధం చెప్పడానికి.

మొదటి ప్రపంచయుద్ధం. 1915. ఫ్రాన్సులో రెండు వైపులా సైనికులు కందకాల్లో కూరుకుపోయి ఉన్నారు. ముళ్లకంచె దాటి, మెషిన్‌గన్‌కు ఎదురుగా నడవాలి. నడిచినవాళ్లు నడిచినట్టే పడిపోతున్నారు. అప్పుడు బ్రిటన్ నౌకాదళ శాఖలో చర్చిల్ ఒక కమిటీ వేయించాడు. కంచెను తొక్కుకుంటూ, కందకం మీదుగా దాటిపోయే ఉక్కు బండి ఒకటి చేయాలని. లింకన్ అనే ఊళ్లో, వ్యవసాయ యంత్రాలు చేసే కర్మాగారంలో పని మొదలైంది. లోపల ఏం తయారవుతోందని బయటివాళ్లు అడిగితే? మెసొపొటేమియా ఎడారిలో సైన్యానికి నీళ్లు మోసే తొట్టి అని చెప్పండన్నారు. కాగితాల మీద 'నీళ్ల బండి' అనే రాద్దామనుకున్నారట గానీ, ఇంగ్లీషులో 'వాటర్ క్యారియర్' అనే ఆ రెండు మాటల మొదటి అక్షరాలు కలిపితే డబ్ల్యూ.సి., అంటే మరుగుదొడ్డి అవుతుంది. ఆ పేరున్న కమిటీలో కూర్చోవడానికి దొరలకు మనసొప్పలేదు. చివరికి ట్యాంకు ఖాయమైంది. అది చాలదన్నట్టు, తయారైన బండ్ల మీద 'జాగ్రత్త, పెట్రోగ్రాడ్‌కు' అని రష్యన్ అక్షరాల్లో రాయించారు. చూసినవాడు రష్యా సరుకే అనుకోవాలి మరి!

1916 మొదట్లో పెద్దలకు నడిపి చూపించారు. యుద్ధమంత్రి కిచెనర్ చూసి, చక్కని ఆటబొమ్మ అని పెదవి విరిచాడని అక్కడున్నవాళ్లు చెప్పుకున్నారు.

ఆ ఆటబొమ్మ సెప్టెంబరు 15న, సోమ్ యుద్ధంలో, ఫ్లేర్ అనే పల్లె దగ్గర మొదటిసారి జనం కంటపడింది. 49 బండ్లు కేటాయిస్తే, బయల్దేరాల్సిన చోటికి చేరినవి 32. మిగతావి దారిలోనే మొరాయించాయి, బురదలో దిగబడ్డాయి. కానీ ఒక బండి ఆ పల్లె వీధిలోకి వెళ్లింది. పైనుంచి విమానంలో చూసినవాళ్లు కబురు పంపారు. దాన్ని పత్రికలు ఇలా రాసుకున్నాయి: ఫ్లేర్ పెద్దవీధిలో ట్యాంకు నడిచిపోతోంది, వెనకాల బ్రిటిష్ సైన్యం కేరింతలు కొడుతూ వస్తోంది.

ఇక లండన్‌లో జనం ఊరుకుంటారా? చిక్కేమిటంటే ఫొటో లేదు. రహస్యం బయటపడుతుందని సెన్సారు ఆపేసింది. విలేకరులకు మిగిలింది ఉపమానాలే. ఒకరు రాక్షసి అన్నారు, ఒకరు కప్ప అన్నారు, ఇంకొకరు పురాణాల నాటి జంతువు అన్నారు. బొమ్మలు గీసేవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు గీశారు. అసలు ఫొటో పత్రికలో పడేసరికి నవంబరు అయింది. నా మటుకు నాకు, ట్యాంకును జనం అంత ఇష్టపడటానికి ఆ రెండు నెలలే కారణమనిపిస్తుంది. చూడనిదాన్ని ఊహించుకోవడంలో ఉన్న సరదా చూశాక ఉండదు కదా.

ఆ సరదాకి ప్రభుత్వం ధర కట్టింది. 1917 నవంబరు చివర్లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక ట్యాంకును తెచ్చి నిలబెట్టి, దాని దగ్గర యుద్ధ బాండ్లు అమ్మడం మొదలుపెట్టారు. ట్యాంకు బ్యాంకు అని పేరు. పదిహేను షిల్లింగుల ఆరు పెన్నీలు ఇస్తే ఒక పొదుపు పత్రం. ఐదేళ్లకు పౌను, అంటే ఇరవై షిల్లింగులు వస్తాయి. ఆ పత్రం పోస్టాఫీసులోనూ దొరుకుతుంది. కానీ పోస్టాఫీసు ముందు ఎవరు క్యూ కడతారు? ఆరు ట్యాంకులు ఊరూరా తిరిగాయి. నెల్సన్, డ్రేక్, జూలియన్ అని వాటికి పేర్లు. వీటిలో ఎగ్‌బర్ట్ అనేదానికి యుద్ధంలో తగిలిన దెబ్బలున్నాయి, అందుకే దానికి గిరాకీ ఎక్కువ. తలకు ఇంత చొప్పున ఎక్కువ డబ్బు పోగుచేసిన ఊరికి ఎగ్‌బర్ట్‌ను కానుకగా ఇస్తామన్నారు. వెస్ట్ హార్టిల్‌పూల్ గెలుచుకుంది. ఈలోగా బజారు నిండా పింగాణీ ట్యాంకులు, ట్యాంకు ఆకారంలో టీ కూజాలు, పిల్లలు చిల్లర దాచుకునే ముంతలు.

ఇదంతా రేకుకు ఇటువైపు. అటువైపు ఎనిమిది మంది మనుషులున్నారు. 28 టన్నుల బండి, మనిషి నడకంత వేగం. మధ్యలో 105 గుర్రాల శక్తి ఇంజను, దానికి మూత లేదు. ఎనిమిది మందీ దాని చుట్టూనే. వేడి 50 డిగ్రీల దాకా పోయేది. పొగ, పెట్రోలు వాసన. ఆ రొదలో అరిచినా వినపడదు కాబట్టి, కమాండరు సుత్తితో ఇంజను మీద కొట్టి సైగ చేసేవాడు. వెనక్కి కబురు పంపాలంటే పావురం. బయట తూటా తగిలితే లోపలి రేకు నుంచి ఇనుప తునకలు లేచి మొహాన పడేవి. అందుకని తోలు ముసుగు ఇచ్చారు, కింద నోటికి అడ్డంగా గొలుసుల జాలరు వేలాడుతూ ఉంటుంది. ఆ ముసుగులు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. ట్యాంకు దిగాక వాంతులు చేసుకున్నవాళ్లు, స్పృహ తప్పినవాళ్లు ఎందరో. ముంతలో చిల్లర వేస్తున్న పిల్లాడికి ఇదెవరు చెబుతారు?

యుద్ధం అయ్యాక 260కి పైగా ట్యాంకులను ఊళ్లకు పంచిపెట్టారు. పార్కుల్లో, కూడళ్లలో నిలబెట్టారు. పదిహేనేళ్లు తిరక్కుండానే చాలావాటికి తుప్పు పట్టింది, ఎవరికీ అక్కర్లేకపోయింది. అంత పోటీపడి గెలుచుకున్న ఎగ్‌బర్ట్‌ను 1937లో తుక్కు కింద తీసేశారు. ఇంగ్లండ్‌లోని కెంట్ జిల్లా ఆష్‌ఫర్డ్‌లో మాత్రం ఒకటి ఇప్పటికీ ఉంది. అభిమానంతో కాపాడుకున్నారనుకునేరు! 1929లో దాని కడుపులో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. తీస్తే ఊరికి కరెంటు పోయేది. అందుకే ఉండిపోయింది.

మళ్లీ మన పాటన్ దగ్గరికి వద్దాం. 1965 భారత్-పాక్ యుద్ధం నాటికి పాకిస్తాన్ చేతిలో ఆ రకం ట్యాంకు అమెరికా ఇచ్చిన కొత్త సరుకు. దానికి ఎదురు లేదన్న పేరు ముందే వచ్చేసింది. సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు చెరకు తోటల్లో మాటు వేసి, కాలువకు గండి కొట్టి పొలాల్లోకి నీళ్లు వదిలారు. అంత పేరున్న బండ్లు బురదలో దిగబడ్డాయి. జీపు మీద బిగించిన తుపాకితో మన సైనికుడు అబ్దుల్ హమీద్ వాటిని వేటాడి, అక్కడే ప్రాణం విడిచాడు. మన లెక్క ప్రకారం పాకిస్తాన్‌కు 97 ట్యాంకులు పోయాయి. పట్టుకున్నవాటిని భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటికి పాటన్ నగర్ అని పేరొచ్చింది. నీళ్ల పేరుతో పుట్టిన యంత్రం నీళ్లలోనే చిక్కింది చూడండి.

ఆ రోజు టాంక్‌బండ్ మీద మే నెల ఎండ. దాన్ని ముట్టుకుంటానని పేచీ పెడితే మావయ్య నన్ను చంకలోకి ఎత్తుకుని దగ్గరికి పట్టాడు. పక్కన ఇంకో కుటుంబం ఫొటో దిగుతోంది, ఐసుబండి గంట మోగుతోంది. అరచెయ్యి ఆనించానో లేదో, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. "కాలిందా?" అని మావయ్య నవ్వాడు. "బయటే ఇలా ఉంటే, లోపల కూర్చున్నవాడి సంగతేమిట్రా?"