దెయ్యం బొమ్మకి వెలుగు ఎక్కడినుంచి వస్తుంది

(శ్రీకాకుళంలో జరిగిన ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఉక్కలో కూడా వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మాస్టారు చెప్పాల్సినదంతా చెప్పేశారు. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

ముందు ఈ పెట్టె మీ మధ్య తిప్పుతున్నాను. ఇందులో ఉన్న బొమ్మలు ఒక్కొక్కటి బొటనవేలంత ఉంటాయి. తీసి చూడండి. కింద నల్లటి బేస్ ఉంది కదా, దాన్నే పట్టుకోండి. బొమ్మని పట్టుకుంటే వేలి జిడ్డుకి రంగు లేచిపోతుంది. వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలూ, మీరూ ముందుకి రండి, అక్కణ్ణించి కనబడవు.

ఇవి నైట్‌హాంట్ అనే దెయ్యాల సైన్యంలోవి. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ఊళ్ళో ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ వీటిని తయారుచేస్తుంది. 1983లో వాళ్ళు వార్‌హామర్ అనే ఆట తెచ్చారు, బల్ల మీద ఆడే యుద్ధం. 2015లో దాని స్థానంలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ వచ్చింది. 2018లో విడుదలైన పెద్ద పెట్టెలో రెండు సైన్యాలుంటే, అందులో ఒకటి ఈ దెయ్యాలదే. టేపుతో కొలిచి బొమ్మల్ని జరుపుతారు, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో తేల్చుకుంటారు. మిగతా సిపాయిలకి ఎదుటివాడి ఆయుధం పదునుని బట్టి కవచం బలం తగ్గుతుంది. వీటికి తగ్గదు. ఒళ్ళే లేనివాణ్ణి కత్తి ఏం చేస్తుంది? ఆట నియమంలోనే అంత ఊహ పెట్టినందుకు నాకు ఈ సైన్యం మీద మనసు పడింది.

ఆటల చరిత్ర కూడా రాసుకొచ్చాను. 1824లో ప్రష్యా సైన్యం అధికారులకి బల్ల మీద యుద్ధం నేర్పడం, 1913లో హెచ్.జి. వెల్స్ సీసం సిపాయిలతో ఆడుకోడానికి నియమాలు అచ్చువేయడం, అదంతా ఈ కాగితాల్లో ఉంది. వదిలేస్తాను. మీ చేతుల్లోకి బొమ్మలు వెళ్ళాక, అవి ఎలా వెలుగుతున్నాయో చెప్పకుండా చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

మామూలు సిపాయికి రంగు వేస్తే మడతల లోతుల్లో చీకటి, ఎత్తుల మీద వెలుగు వేస్తాం. పైనుంచి ఎండ పడ్డప్పుడు మనిషి అలాగే కనబడతాడు. దెయ్యానికి ఇదంతా తిరగబడుతుంది. ముందు బొమ్మంతా తెలుపు. దాని మీద బాగా పలచన చేసిన లేత ఆకుపచ్చ రంగు, మేం వాష్ అంటాం, అది పోస్తే మడతల్లోకి దిగుతుంది. ఆరాక, ముదురు రంగు బ్రష్‌కి అంటించి, గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, ఎత్తుగా ఉన్నచోట మాత్రం మెల్లగా రాస్తాం. ఇది డ్రై బ్రష్. ఇప్పుడు లోతుల్లో వెలుగు, పైన చీకటి. చూసే కంటికి వేరే దారి లేదు, వెలుగు లోపల్నించే వస్తోందని నమ్ముతుంది. ముసుగు లోపల మొహం గియ్యక్కర్లేదు. నలుపు వేసి వదిలేస్తే చూసేవాడే మొహం ఊహించుకుంటాడు.

మన వాతావరణం గురించి ఒక మాట. రంగులకి ముందు బొమ్మకి వేసే పూతని ప్రైమర్ అంటాం. వానాకాలంలో స్ప్రే ప్రైమర్ జోలికి వెళ్ళకండి. గాల్లో చెమ్మ ఉంటే అది బొమ్మ మీద గరుగ్గా, పొడిపొడిగా పడుతుంది, ముక్కూ వేళ్ళూ పూడిపోతాయి. బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడండి. బేస్ మీద ఇసుకకి నాగావళి ఇసుక జల్లించి వాడతాను. కళింగపట్నం బీచ్ ఇసుక తెస్తే ఉప్పు పోయేదాకా కడగాలి.

సేకరణ గురించి ఈ ఊళ్ళో నేను పెద్దగా చెప్పక్కర్లేదు. కథకులు కాళీపట్నం రామారావుగారు, మన కారా మాస్టారు, 1997లో కథానిలయం పెట్టిన ఊరు ఇది. ఎక్కడెక్కడి పాత పత్రికల్లోని కథలూ ఒకచోటికి చేర్చి, ఎవరొచ్చినా చదువుకోవచ్చన్నారు. బొమ్మల సేకరణ కూడా అలా నలుగురి కంటా పడాలని నా కోరిక. నేనూ అలాగే ఒకసారి బయటికి తీసుకెళ్ళాను. అది చెప్పకుండా ఈ వేదిక దిగలేను.

ఒక బడిలో పిల్లల ప్రదర్శన జరుగుతోంది. నాకో బల్ల ఇచ్చారు. నల్లగుడ్డ పరిచి దెయ్యాల్ని వరసగా నిలబెట్టాను. బేస్‌ల మీద ఎర్రమట్టి రంగు వేశాను. పిల్లలు మూగిపోయారు. ఆరో తరగతి పిల్ల ఒకర్తి, రెండు జడలు, బొమ్మని కంటి దగ్గర పెట్టుకుని "ఇందులో బల్బు ఎక్కడుందండీ?" అని అడిగింది. బల్బు లేదమ్మా, రంగే, అని ఇందాక మీకు చెప్పినదంతా ఆ పిల్లకి చెప్పాను. "అయితే నేనూ చేస్తాను" అంది. తెల్ల బొమ్మ, బ్రష్ చేతికిచ్చాను. మొదటి వాష్ వేసింది. అది ఆరకముందే నిర్వాహకులొకరు వచ్చి, ఎర్రరంగు, నల్లగుడ్డ చూసి, "ఇవి చిల్లంగి సామాన్లలా ఉన్నాయి, తీసేయండి" అన్నారు. చిల్లంగి అంటే చేతబడి. పిల్లల ముందే అన్నారు. ఆ పిల్ల చేతిలోంచి బ్రష్ లాక్కున్నారు. బల్ల మడిచి వరండాలో పడేశారు.

సాయంత్రానికి మా వీధికి ఆ మాట వచ్చేసింది. మా అమ్మ నూతి దగ్గరికి వెళ్తే పక్కింటావిడ పలకరించలేదు. "ఏటి బాబూ, మనింట్లో అలాటివి ఎట్టుకున్నావంట?" అని అమ్మే నన్నడిగింది.

కోపం నా బొమ్మల కోసం కాదండీ. బొమ్మలు తుడిచి పెట్టుకుంటాను. చిల్లంగి అన్న మాట మన జిల్లాల్లో తేలిక మాట కాదు. ఆ మాట అంటించి ఒంటరి ఆడవాళ్ళని చెట్టుకి కట్టి కొట్టిన వార్తలు, పళ్ళు ఊడగొట్టిన వార్తలు మనందరం పేపర్లో చదివాం. చదువుకున్నవాళ్ళు, బడి నడిపేవాళ్ళు, పిల్లల ముందు ఆ మాట ఎలా వాడతారు? మీరు చెప్పండి. ఎలా వాడతారు?

ఆ పిల్ల రెండో రంగు కూడా వేసి ఉంటే చాలు. మడతలో వెలుగు పెట్టింది తనే, ముసుగులో చీకటి పెట్టింది తనే. భయం ఎలా తయారవుతుందో తన చేత్తో తయారుచేసి చూసేది. రేపెవడైనా వచ్చి ఫలానా ముసలమ్మ గాలి పంపిందంటే, నమ్మేముందు కాస్త ఆగి అడిగేది. ఆ అవకాశాన్ని ఆ పూట ఆ పిల్ల చేతిలోంచి లాక్కున్నారు. బ్రష్ కాదు లాక్కున్నది.

అధ్యక్షులవారు టైం చూపిస్తున్నారు. ఇంకో రెండు మాటలు.

ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు, 1757లో బొబ్బిలి కోటలో చనిపోయినవాళ్ళని ఇలా దెయ్యాల సైన్యంగా చెయ్యొచ్చు కదా అని. చెయ్యనండి. వాళ్ళు మనుషులు, వాళ్ళ వంశాలవాళ్ళు ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు. తాండ్ర పాపారాయుణ్ణి చేస్తే ఒంట్లో నెత్తురున్న మనిషిగానే రంగు వేస్తాను. దెయ్యాలు కావాలంటే మనకి కొరివిదెయ్యం లేదా, చెట్టుకి తలకిందులుగా వేలాడే బేతాళుడు లేడా? వాటిని ఎవరైనా బొటనవేలంత చెయ్యగా నేను చూడలేదు, అదే నా బాధ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో అరచేతిలో పట్టే వీణలు చేస్తున్నారు. అంత నేర్పున్న చేతులు పక్కనే ఉండగా మన దెయ్యాలకి రూపం ఎందుకు ఉండకూడదు?

విదేశీ పెట్టెలు ఖరీదు, నిజమే. కొనక్కర్లేదు. సన్న ఇనపతీగతో అస్థిపంజరం, దాని మీద ఎం-సీల్‌తో తలా చేతులూ. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి, టిష్యూ కాగితం ముంచి కప్పితే అదే ముసుగు, ఆరాక గట్టిపడుతుంది. ఎం-సీల్ కలిపేటప్పుడు పిల్లలకి గ్లౌజులు వేయించండి.

ఈ సభలో హెడ్మాస్టర్లు ఉన్నారు, మొహాలు గుర్తుపట్టాను. మీ బడిలో ఒక గది, కిటికీ వెలుగు పడే ఒక బల్ల ఇవ్వండి. తీగ, రంగులు, బ్రష్‌లు నేనే తెస్తాను. తల్లిదండ్రుల్ని కూడా రమ్మనండి, వాళ్ళ ఎదురుగానే చేయిద్దాం. దసరా సెలవులు అయ్యాక ఏ శనివారం మధ్యాహ్నమైనా సరే, నేను సిద్ధం. ఆ ఆరో తరగతి పిల్ల మీలో ఎవరి బడిలోనైనా చదువుతుంటే, తను వాష్ వేసిన బొమ్మ నా దగ్గర అలాగే ఉందని చెప్పండి. మిగతా రంగులు తనే వెయ్యాలి.